పాలకార్డూ, బ్యాన్ లిస్టూ

మా ఇంట్లో కొన్నాళ్లుగా కూరలో ఉప్పు తక్కువైందని ఎవరూ అనడం లేదు. ఒకందుకు నాకది హాయిగానే ఉంది. భోజనాల దగ్గర మాటలన్నీ లాగుల గురించి, బ్యాన్ల గురించి, అప్పీళ్ల గురించే. ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్న మా పెద్దాడు మైన్‌క్రాఫ్ట్ ఆడే ఒక సర్వర్‌కి మోడరేటర్ అయ్యాడు. అంటే ఏం చేస్తావురా అని అడిగితే, "మన అపార్ట్‌మెంట్ సెక్రటరీ అంకుల్ పనేనమ్మా. జీతం ఉండదు, తిట్లు మాత్రం టైముకి వస్తాయి" అన్నాడు.

ఆట తెలియని నాలాంటి వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. మైన్‌క్రాఫ్ట్ అంతా ఇటుకల్లాంటి దిమ్మల ప్రపంచం. తవ్వుకోవచ్చు, కట్టుకోవచ్చు, దొరికిన వజ్రాలు పెట్టెల్లో దాచుకోవచ్చు. నలుగురూ ఒకచోట చేరి ఆడుకోవాలంటే ఎవరో ఒకరు నెలకింత అద్దె కట్టి సర్వర్ నడపాలి. మావాడిది అలాంటి చిన్న సర్వరే. నడిపేది ఇద్దరు ముగ్గురు ఇంజనీరింగ్ కుర్రాళ్లు. సాయంత్రమైతే విజయవాడ నుంచి, వరంగల్ నుంచి, బెంగళూరు నుంచి, దుబాయ్ నుంచి పిల్లలు వచ్చి వాలతారు. ఆడేవాళ్లూ పిల్లలే, వాళ్లను అదుపులో పెట్టేవాళ్లూ పిల్లలే. అందుకే ఇది మన తల్లులకు సంబంధించిన విషయం కూడా అని నా అభిప్రాయం.

కథ పోయిన వేసవి సెలవుల్లో మొదలైంది. మా చిన్నది తొమ్మిదో తరగతికి వస్తోంది. మా చెల్లెలి కొడుకు, ఆరో తరగతి భడవ, అదే సర్వర్‌లో ఆడతాడు. ఒకరోజు వాడు మా పిల్ల మూడు వారాలు తవ్వి పోగేసుకున్న వజ్రాలన్నీ పెట్టెలోంచి తీసేసుకుని, అది కట్టుకున్న ఇంటి ముందే నిలబడి గెంతాడట. ఇదేమో అందరూ చూసే చాట్‌లో, ఇంగ్లిష్ అక్షరాల తెలుగులో, "చంపేస్తా నిన్ను దొంగ సచ్చినోడా, పండక్కి రా నీ పని చెప్తా" అని కొట్టింది. పావుగంటలో బ్యాన్ పడింది. కారణం: డెత్ థ్రెట్. గడువు: ఫరెవర్.

ఆ పూట కాపలా ఉన్న మోడరేటర్‌కి తెలుగు రాదు. ఫోన్‌లో అనువాదం వేసి చూశాడట. యంత్రానికేం తెలుసు పాపం! అలా లెక్కేస్తే మన ఇళ్లలో రోజుకు ఎన్ని హత్యాయత్నాలో! మా అమ్మ నన్ను "నీ దుంప తెగ" అనకుండా అన్నం పెట్టిన రోజు లేదు. "నీ మొహం మండ, ఎంత ఎదిగిపోయావే" అంటూ మా మేనత్త బుగ్గలు పుణికేది. మేం బి.ఏ.లో చదువుకున్న నిందాస్తుతి అంటే అదే కదా, పైకి తిట్టు, లోపల పొగడ్త. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలో శ్రీకాకుళాంధ్ర విష్ణువును అలా ఎత్తిపొడుస్తూనే కొలిచాడు. ఆ శతకం గనక ఈ కుర్రాడి కంట్లో పడి ఉంటే కవిగారికి గుళ్లోకే బ్యాన్ పడి ఉండేది.

మా పిల్ల మాటలో ప్రేమ ఉందని నేను వాదించను. అది కోపమే. నలుగురిలో అనకూడని మాటే. ఓ హెచ్చరికో, ఒకరోజు బయట కూర్చోబెట్టడమో సబబే. తెలుగు రాని కుర్రాడు పొరపడడం కూడా పెద్ద నేరమేమీ కాదు, ఎవరికైనా జరుగుతుంది. నాకు బాధ కలిగించింది ఆ తర్వాత జరిగినది.

పేరు మీద బ్యాన్‌తో పాటు ఇంటి మీద కూడా పడింది. దాన్ని ఐపీ బ్యాన్ అంటారట. ఇంట్లో ఉన్న వైఫై ఒకటే, దాని చిరునామా ఒకటే. చెల్లెలు అన్న మాటకు అన్నయ్య కూడా బయట నిలబడ్డాడు. ఒకే కనెక్షన్ వాడుకునే హాస్టల్ అయితే ఇక చెప్పక్కర్లేదు. రెండు రోజుల తర్వాత కరెంటు పోయి వచ్చాక మా రూటర్‌కి కొత్త చిరునామా వచ్చింది, వాడు లోపలికి వెళ్లగలిగాడు. పిల్ల వెళ్లలేకపోయింది. ఆటలో పేరు మార్చుకున్నా లాభం లేదు, ఎందుకంటే బ్యాన్ ఖాతా వెనకున్న పొడవాటి నంబరుకు అంటుకుని ఉంటుంది. ఆ నంబరు మారదు.

అప్పీల్ పెట్టుకుంది. నెలా పది రోజులకు జవాబొచ్చింది. రికార్డు ప్రకారం మీరు చంపుతానని బెదిరించారు, కాబట్టి తిరస్కరిస్తున్నాం అని. నేనేమన్నానో చూపించండి అని అడిగితే, చాట్ లాగులు నెల దాటితే తీసేస్తాం, చోటు చాలదు అన్నారు. మోడరేటర్లు మాట్లాడుకునే డిస్కార్డ్‌లో ఎవరు ఏ చర్య తీసుకున్నారో చూపించే చిట్టా ఉంటుంది గానీ, అది 45 రోజులే నిలుస్తుందట. ఆ గడువు కూడా దాటిపోయింది. ఇక మిగిలింది బ్యాన్ ఫైల్లో రెండు మాటలు. గమనించారా, ఆ రెండు మాటలూ మా పిల్లవి కావు. దాని గురించి వేరొకడు అనుకున్నవి. పిల్ల మాట చెరిగిపోయింది, పిల్ల మీద వేసిన మాట నిలిచిపోయింది.

ఆ ఫైల్ మావాడు తర్వాత నాకు చూపించాడు. ఆట తయారుచేసిన వాళ్లే ఇచ్చిన పద్ధతి అది. పేరు, నంబరు, ఎప్పుడు, ఎవరు బ్యాన్ చేశారు, ఎప్పటిదాకా, ఎందుకు. మోడరేటర్ కారణం టైపు చేయకపోతే ఆటే ఒకటి రాసేస్తుంది, "ఒక ఆపరేటర్ చేత బ్యాన్ చేయబడ్డారు" అని. గడువు చెప్పకపోతే ఫరెవర్ అని రాసేస్తుంది. చాలా పేర్ల ఎదురుగా అదే వాక్యం, అదే ఫరెవర్. ఎందుకు బ్యాన్ చేశారయ్యా అంటే, బ్యాన్ చేశారు కాబట్టి! బద్ధకంగా కొట్టిన ఎంటర్ బటన్ ఒక పిల్లవాడికి యావజ్జీవం అవుతోంది.

ఇంకో విచిత్రం వినండి. అదే సర్వర్‌లో కోర్‌ప్రొటెక్ట్ అనే ఏర్పాటు ఉంది. ఏ దిమ్మ ఎవరు పెట్టారు, ఎవరు పగలగొట్టారు, ఏ పెట్టెలోంచి ఎవరు ఏం తీశారు అన్నీ సమయంతో సహా రాసి ఉంచుతుంది. మా చెల్లెలి కొడుకు ఎన్ని వజ్రాలు ఎత్తుకెళ్లాడో అది ఇప్పటికీ చెప్తుంది. లేని వజ్రాలకు ఉన్న పద్దు ఉన్న పిల్లలకు లేకపోయింది.

ఆటే కదా, పోనిద్దూ అని నేను కూడా మొదట పిల్లతో అన్నాను. అది ఆటతో ఆగలేదు. ఆ సర్వర్ వాళ్లు తమ బ్యాన్ లిస్టును తెలిసిన ఇంకో సర్వర్ వాళ్లకు ఇచ్చారు. అక్కడా తలుపు మూసేశారు. ఆ రెండో చోట దాని క్లాసు అబ్బాయిలు ఇద్దరు ఆడతారు. బడి తెరిచిన వారానికి దానికి "థ్రెట్" అని పేరు పడిపోయింది. "థ్రెట్ వస్తోందిరోయ్, దాక్కోండి" అంటారట. నవ్వుతూనే అంటారు. ఇది కూడా నవ్వేసేదట. ఇంటికొచ్చాక మాత్రం టిఫిన్ బాక్సు సగం తిని తెచ్చేది. ఈ పేరు సంగతి నాకు మా పెద్దాడి ద్వారా తెలిసింది, అదీ ఆగస్టులో.

చివరికి సాక్ష్యం ఎక్కడ దొరికిందంటే, మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో! ఆ రోజు వజ్రాల దొంగగారు స్క్రీన్ ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. "చూడు పెద్దమ్మా, అక్క నన్ను చంపేస్తానంటోంది" అని ఫిర్యాదు. కింద మా చెల్లెలు "నువ్వేం చేశావో ముందు చెప్పరా" అని, నేను రెండు నవ్వు బొమ్మలు, మా అమ్మ "ఇద్దరూ అన్నం తినండి" అని. ఆ ఫొటోలో పై ఎనిమిది లైన్లూ ఉన్నాయి, కింద నాలుగూ ఉన్నాయి. వాడు వెక్కిరించింది ఉంది, ఇది అరిచింది ఉంది, తర్వాత వాడు "పండక్కి వస్తాగా, గారెలు దాచిపెట్టు" అన్నదీ ఉంది. బెదిరింపుకు గురైనవాడు హంతకురాలిని గారెలు అడగడం బహుశా ప్రపంచంలో ఇదే మొదటిసారేమో. ఆ ఫొటో పంపాక రెండు రోజుల్లో బ్యాన్ తీసేశారు. అదృష్టం బావుండి మా గ్రూపులో ఎవరూ ఏదీ తుడవరు. గుడ్ మార్నింగ్ పువ్వులతో సహా అన్నీ ఉంటాయి.

ఆ కుర్రాళ్లను మెచ్చుకోవాలి. బ్యాన్ తీసి ఊరుకోకుండా, మన రికార్డుల పద్ధతే బాగాలేదు, కొత్తగా రాద్దాం అనుకున్నారు. తెలుగు వచ్చిన మోడరేటర్ కూడా కావాలన్నారు. అలా మావాడు చేరాడు. నియమాలకు తెలుగులో చిత్తుప్రతి రాసే పని వాడికి పడింది, అంటే నాకు పడింది. వరసగా మూడు రాత్రులు అందరం డైనింగ్ టేబుల్ దగ్గరే కూర్చున్నాం.

నాకు వెంటనే గుర్తొచ్చింది పాలకార్డు. నా పెళ్లయిన కొత్తలో మా వీధిలో పాలు పోసే ఆయన దగ్గర ఒక కార్డు, మా వంటింటి మేకుకు ఒక కార్డు ఉండేవి. ఏ రోజు ఎంత పోశాడో రెండింట్లోనూ పడేది. పోయని రోజు రెండింట్లోనూ సున్నా. నెలాఖరున పక్కపక్కన పెట్టి చూసుకునేవాళ్లం. తేడా వస్తే అక్కడికక్కడే తేలేది. నెలలు గడిచాక తేలేది కాదు, అప్పటికి ఎవరికి గుర్తుంటుంది? బ్యాన్ లిస్టులో రెండో కార్డు లేదు. మోడరేటర్ దగ్గరే ఉంది, అదీ ఆయన ఇష్టమొచ్చిన మాటల్లో. కాబట్టి రాసిన రోజే, రాసింది రాసినట్టు, ఆ పిల్లకో పిల్లవాడికో ఒక ప్రతి వెళ్లాలి అన్నాను.

మావారు ప్రభుత్వోద్యోగి. ఆటలంటే పడదు గానీ రిజిస్టర్లంటే ప్రాణం. ఆయన చెప్పిన సంగతి నాకు చాలా నచ్చింది. దేవ్ దత్ అని బోర్డర్ రోడ్స్ ఇంజనీరు ఒకాయన ఉండేవారు. ప్రమోషన్ రావాలంటే ఐదేళ్ల రహస్య నివేదికల్లో "వెరీ గుడ్" ఉండాలి. ఆయనకు 1993-94లో ఒక్కసారి "గుడ్" అని రాశారు. ఆ ఒక్క మాటతో ప్రమోషన్ పోయింది. అలా రాసినట్టు ఆయనకు చెప్పలేదు, చెడ్డ మాటైతేనే చెప్పాలి, గుడ్ మంచి మాటే కదా అని పైవాళ్ల వాదన. 2008లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మంచైనా చెడైనా ప్రతి ఎంట్రీ ఉద్యోగికి తెలియాలి, తన మాట చెప్పుకునే అవకాశం ఉండాలి అంది. అప్పటికి ఆయన రిటైరైపోయారు. "చూశావా, గుడ్ అన్నా కూడా మనిషి మునిగిపోవచ్చు. ఏం రాశారో వాడికి తెలియకపోవడమే అసలు దెబ్బ" అన్నారు మావారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఆఫీసు కబురు ఇంత శ్రద్ధగా విన్నది నేను అదే మొదలు.

మావాడు వాడి వైపు నుంచి ఒకటి తెచ్చాడు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే పెద్ద ఆట ఉందట. దాన్ని నడిపే రయట్ గేమ్స్ వాళ్లు 2011లో ట్రిబ్యునల్ అని పెట్టారు. ఫిర్యాదు వచ్చినవాడి చాట్ మొత్తం తోటి ఆటగాళ్లకే చూపించి, శిక్షా క్షమాపణా అని ఓటు వేయించేవాళ్లు. 2014లో దాన్ని ఆపేశారు గానీ, అందులో తేలిన సంగతి బావుంది. నువ్వు ఫలానా తరహా తప్పు చేశావు అని మాత్రమే చెప్పినప్పుడు, సగం మంది ఆ తర్వాత మూడు నెలల్లో మళ్లీ శిక్ష పడే పని చేయలేదు. వాళ్లన్న మాటలే ఎదురుగా పెట్టి, తీర్పుతో కలిపి పంపినప్పుడు ఆ సంఖ్య 65 శాతానికి పెరిగింది. మన మాటలు మనకే అచ్చులో కనబడితే సిగ్గేస్తుంది మరి. పెద్దవాళ్లకైనా అంతే.

అలా రాసుకుంటూ పోయాం. మాట ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే రాయాలి, అర్థం పక్కన వేరే గడిలో రాయాలి. ముందు వెనక ఐదైదు లైన్లు అతికించాలి. ఖాళీ కారణంతో ఎంట్రీ పడకూడదు, గడువు లేకుండా అసలే పడకూడదు. ఫిర్యాదు చేసిన పిల్లల పేరు మాత్రం ఎదుటివాడికి కనపడకూడదు. లేకపోతే రేపు బడిలో వాడి పని పడతారు. అప్పీల్ వస్తే బ్యాన్ వేసినవాడే వినకూడదు, ఇంట్లోవాళ్ల కేసు ఇంట్లోవాళ్లు ముట్టుకోకూడదు. ఈ ఆఖరిది మావాడే రాశాడు, చెల్లెలి వైపు చూడకుండా. లిస్టు బయటి సర్వర్లకు ఇవ్వకూడదు. హెచ్చరికలు ఆరు నెలలకు, మామూలు బ్యాన్లు ఏడాదికి చెల్లిపోవాలి. పద్నాలుగేళ్ల పిల్ల అన్న మాట ఇరవై నాలుగేళ్లకు ఎదురురావడం ఏం న్యాయం?

ఒక్కచోట మాత్రం నేను గట్టిగా అడ్డం పడ్డాను. చిన్నపిల్లలతో పెద్దవాళ్లెవరైనా ఫొటోలు అడగడం, రహస్యంగా కలుద్దామనడం, అమ్మకు చెప్పకు అనడం లాంటివి ఉంటే ఆ రికార్డు చెల్లిపోకూడదు, చోటు చాలదని తీసేయకూడదు. అన్నీ చెరిపేస్తే న్యాయమని కుర్రాళ్లు అనుకుంటున్నారు. కాదు నాన్నా, కొన్ని ఉంచడమే న్యాయం. దీని మీద వాదన జరగలేదు. నా మొహం చూసి ఎవరూ సాహసించలేదేమో.

అసలు గొడవంతా మూడో రాత్రి వచ్చింది. తప్పు అని తేలిన బ్యాన్‌ను ఏం చేయాలి? మావారి మాట, రిజిస్టర్‌లో వైట్‌నర్ వాడకూడదు, కింద ఉన్నది కనబడేలా ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. ఎంట్రీ మాయమైతే, ఆ మోడరేటర్ ఇలాంటివి ఎన్ని చేశాడో రేపు ఎవరికి తెలుస్తుంది? మాట సబబే. అప్పటిదాకా మూల కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్న చిన్నది అందుకుంది. "గీత కొట్టినా కింద కనబడుతుందిగా నాన్నా. నేను అది అనలేదని తేలాక కూడా నా పేరు పక్కన ఆ మాట ఎందుకుండాలి?" అంది. అదీ సబబే. మావారు ఏదో చెప్పబోయి ఆగిపోయారు. కాసేపు ఫ్యాను చప్పుడే.

దారి మావాడు చూపించాడు. ఆటగాళ్ల పుస్తకం ఒకటి, మోడరేటర్ల పుస్తకం ఒకటి విడిగా ఉంచుదాం అన్నాడు. తప్పని తేలిన బ్యాన్ ఆటగాళ్ల పుస్తకంలోంచి పూర్తిగా పోతుంది. మోడరేటర్ పుస్తకంలో గీత కొట్టి ఉంటుంది, అక్కడ ఆటగాడి పేరు ఉండదు. పంపిణీ అయిన చోటల్లా దిద్దుబాటు కూడా పంపాలి. ఆ రెండో సర్వర్ వాళ్లకు అలాగే పంపారు, వాళ్లూ తీసేశారు. పిల్ల "సరే" అంది గానీ, పూర్తిగా ఒప్పుకున్నట్టు నాకు అనిపించలేదు. క్లాసులో ఆ పేరు ఏ పుస్తకంలోనూ లేదు కదా, చెరపడానికి. ఇప్పుడు తక్కువగా అంటున్నారట. ఆ సర్వర్‌లోకి మాత్రం అది మళ్లీ వెళ్లలేదు. నేనూ అడగలేదు.

మొన్న రాత్రి మావాడు కొత్త పద్ధతిలో పడిన మొదటి ఎంట్రీ చూపించాడు, పేరు మీద బొటనవేలు పెట్టి మరీ. ఎవరో అబ్బాయి ఇంకొకణ్ణి గేదె అన్నాడు. మాట తెలుగులోనే ఉంది, అర్థం పక్క గడిలో ఉంది, ఒక హెచ్చరిక, ఆరు నెలల గడువు. ప్రతి అందుకున్న అబ్బాయి కింద జవాబు రాశాడు. "సరే అన్నా, ఇంకోసారి అనను. కానీ మీరు ఐదు లైన్లే పెట్టారు, ఆ పై లైన్‌లో వాడు నన్ను దున్నపోతు అన్నాడు, అది కూడా పెట్టండి." వెతికి చూస్తే నిజమే. ఆరో లైను కూడా చేర్చారు.